బోడినాయకనూరు: వాననీటి దారులు

బోడినాయకనూరు తేని జిల్లాలో, పడమటి కనుమల తూర్పు పాదమున నున్న పట్టణము. కొండలలో పుట్టిన కొట్టగుడి నది పట్టణపు ప్రక్కగా పారి వైగైలో కలియును. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనముల వానలు కురియును. కొండవాలు ఎక్కువగుటచే పైన పడిన నీరు త్వరగా వాగులలోనికి దిగును.

మురుగు కాలువ వేరు, వాననీటి కాలువ వేరు. మొదటిది ఇంటి వాడకపు నీటితో ప్రతిదినము కొద్దికొద్దిగా పారును. రెండవది ఏడాదిలో పెక్కు దినములు ఎండియుండి, పెద్దవాన నాడు గంటలోనే నిండును. ఎండినదానిని పనికిరానిదని పూడ్చుటయే ముంపునకు మొదటి కారణము.

ఎకరా నేలపై 1 సెంటీమీటరు వాన కురిసిన సుమారు 40 వేల లీటర్ల నీరగును. పొలమైనచో అందు కొంత ఇంకును. సిమెంటు వీధి, మిద్దె ఇంకనీయవు. కావున ఊరు పెరిగినకొలది అదే వానకు ఎక్కువ నీరు పారును.

పూర్వులు చెరువులను గొలుసుగా కట్టిరి. పై చెరువు నిండగా అలుగు దాటిన నీరు క్రింది చెరువునకు, కడకు నదికి చేరును. ఆయకట్టు ఇండ్లస్థలములైనను ఆ అలుగు కాలువ అవసరము తీరదు.

ఇదే వైగై ఒడ్డున, దిగువనున్న మదురైలో 2024 అక్టోబరు 25న 15 నిమిషములలోనే 4.5 సెంటీమీటర్ల వాన కురిసి వీధులు మునిగినవి. పిమ్మట సెల్లూరు చెరువు నుండి వైగై వరకు సిమెంటు కాలువ కట్టుటకు ప్రభుత్వము 11.9 కోట్ల రూపాయలు ప్రకటించినది. ప్రజాపనుల శాఖ చెరువులలోని ఆక్రమణలను తొలగించుటకు తమిళనాడులో 2007లోనే చట్టము చేయబడినది.

పట్టణములో స్థలము కొనదలచిన కుటుంబములు బయానా ఇచ్చుటకు ముందే గ్రామపాలనాధికారి వద్ద ఏ-రిజిస్టరును, కొలతల పటమును చూడవలెను. అవి తమిళములో నుండును. ‘ఓడై’ అనగా వాగు, ‘వాయ్‌క్కాల్’ అనగా కాలువ, ‘కణ్మాయ్’, ‘కుళం’ అనగా చెరువు, ‘కలుంగు’ అనగా అలుగు. ఈ మాటలలో ఏదేని ఆ సర్వే నెంబరునకు ఎదుట నున్నచో ఆ స్థలమును కొనరాదు. ప్రక్క నెంబరునకు ఉన్నచో వానకాలములో ఒకమారు వెళ్ళి నీరు ఏ దారిన పారునో చూచిన పిమ్మటనే ధర మాటలాడుట మేలు.