గూట్లో దీపం, గోడ మీద స్విచ్చి

హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదంలో ఖిల్వత్ దర్బారు మందిరాన అడుగుపెట్టినవారు మొట్టమొదట చేసే పని తలెత్తి పైకి చూడడం. బెల్జియం స్ఫటికంతో చేసిన 19 ఝూమర్లు అక్కడ వేలాడుతుంటాయి. ఆసఫ్‌జాహీ ప్రభువుల కొలువుగా ఉండిన ఈ కట్టడం చాలాకాలం పాడుబడి, జీర్ణోద్ధరణ జరిగి, 2005 నుండి ప్రజలందరికీ ప్రదర్శనశాలగా తెరుచుకున్నది. 2010లో యునెస్కోవారి పురస్కారమూ పొందింది. అందుకు తగినదే. నేను మాత్రం ఆ ఝూమర్ల కింద నిలుచున్నప్పుడల్లా వాటి వెనుకనున్న తీగె ఎక్కడిదాకా పోతుందో అని ఆలోచిస్తాను. అది చివరికి మా గోదావరి ఒడ్డున ఉన్న బొగ్గు నేలకు చేరుతుంది.

ముందు కొంచెం దూరం పోయి వద్దాం. ఇంట్లో విద్యుద్దీపం అనే ముచ్చట ఎత్తగానే చరిత్రకారులు చూపించే ఇల్లు ఇంగ్లండు ఉత్తరభాగంలోని క్రాగ్‌సైడ్. విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఫిరంగుల తయారీదారు కట్టించుకున్న కొండమీది భవనమది. అతడు తన తోటలోని చెరువునీటితో యంత్రం తిప్పి 1878లో చిత్రశాలలో ఆర్క్ దీపం వెలిగించాడు. ఆపైన 1880లో జోసెఫ్ స్వాన్ బల్బులు పెట్టించాడు. గ్రంథాలయంలో ఎనామిల్ పూత పూసిన రాగి కూజాల మీద బల్బులు అమర్చారు. కూజా అడుగున పాదరసం పోసిన చిన్న గుంట ఉండేది. కూజాను దాంట్లో నిలిపితే దీపం వెలుగుతుంది, ఎత్తితే ఆరుతుంది. గోడ మీది స్విచ్చి ఇంకా ఇళ్లకు అలవాటు కాని రోజులవి. దీపాన్ని చేతితో ఎత్తి దించడమే తెలిసిన మనుషులకు ఆ ఏర్పాటు ఎంత సహజంగా తోచి ఉంటుందో! ఆ ఇంటిని 1977 నుండి నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ భద్రపరుస్తున్నది.

మన దేశంలో కలకత్తా నగరం 1879లోనే విద్యుద్దీప ప్రదర్శన చూసింది. డార్జిలింగు సమీపాన 1897లో జలవిద్యుత్తు పుట్టింది. శివసముద్రం జలపాతం పుణ్యమా అని బెంగుళూరు వీధులు 1905లో వెలిగాయి. నిజాం రాజ్యంలో చెప్పుకోదగిన ఘట్టం 1920లో హుస్సేన్ సాగర్ ఒడ్డున లేచిన థర్మల్ విద్యుత్కేంద్రం. దాని సామర్థ్యం పెరుగుతూ పోయి 22.5 మెగావాట్లకు చేరింది. ఇప్పుడు అక్కడ ఉద్యానవనమూ సినిమాహాళ్లూ ఉన్నాయి. సింగరేణి కాలరీస్ కంపెనీగా రిజిస్టరైనది కూడా ఆ 1920లోనే, డిసెంబరులో. రెండు సంగతులూ ఒకే సంవత్సరంలో జరగడం కాకతాళీయమే కావచ్చు గాని, నాకు అవి ఒకే కథలోని రెండు అధ్యాయాలుగా కనబడతాయి. నేల కింది బొగ్గు ఒకచోట, దాని వెలుగు వేరొకచోట.

కాజీపేట–బల్హార్షా రైలుమార్గం 1929లో పూర్తి అయింది. దానితో పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి గుండా బొగ్గు కదిలింది. రామగుండంలో 1971లో 62.5 మెగావాట్ల కేంద్రం వచ్చింది. 1978 నవంబరు 14న మొరార్జీ దేశాయి పెద్ద కేంద్రానికి పునాదిరాయి వేయగా, 1983లో దాని మొదటి యూనిట్ నడిచింది. అది పెరిగి 2,600 మెగావాట్లయి దక్షిణ రాష్ట్రాలన్నిటికీ కరెంటు పంచింది. గొట్టాల పొగ మా ఆకాశానిది, తీగెల మీది వెలుగు అందరిదీ. ఇందులో తప్పేమీ లేదు, పంచుకోవలసిందే. కాని ఆ హైటెన్షన్ తీగెల కిందనే ఆదిలాబాదు గూడేలు చాలా ఏండ్లు చీకట్లో ఉన్నాయన్న మాట కూడా చరిత్రలో ఉండాలి.

ఎందుకున్నాయంటే లెక్క అలా పెట్టారు గనుక. ఒకప్పుడు గ్రామ పొలిమేరలో ఎక్కడైనా, ఏ పనికైనా కరెంటు వాడితే చాలు, ఆ గ్రామం 'విద్యుదీకృతం' అయినట్లే. పొలంలో ఒక్క మోటరు తిరిగితే ఊరంతా వెలిగినట్లు కాగితం చెప్పేది. 1997లో జనం ఉండే చోట వాడాలన్నారు. 2004లో గాని కనీసం నూటికి పది ఇళ్లకు ఉండాలనే నియమం రాలేదు. మిగిలిన తొంభై ఇళ్ల సంగతి ఆ నియమమూ అడగలేదు. 1965–67 నాటి కరవుల తరువాత ప్రభుత్వాల దృష్టి పంపుసెట్ల మీదికి మళ్లింది. అన్నం ముందు, దీపం తరువాత అనుకున్నారు. మోట పోయి మోటరు వచ్చింది. ఒక్క రేఫం తోడైతే ఎద్దుల మెడ మీద కాడి దిగింది. తెలుగు పండితుణ్ణి గనుక ఈ చమత్కారం చెప్పకుండా ఉండలేను.

ఇక్కడే మా సిరిసిల్ల కథ వస్తుంది. 1969 జులైలో కేంద్రప్రభుత్వం గ్రామీణ విద్యుదీకరణ సంస్థను స్థాపించింది. అమెరికా పల్లెల్లో రైతులే సహకార సంఘాలు పెట్టుకొని తీగెలు లాగుకున్న పద్ధతిని మన దేశంలో అయిదుచోట్ల పరీక్షించి చూశారు: గుజరాతులో కోడినార్, మైసూరు రాష్ట్రంలో హుక్కేరి, మహారాష్ట్రలో ముళా–ప్రవర, ఉత్తరప్రదేశంలో లక్నో, ఆంధ్రప్రదేశంలో సిరిసిల్ల. 1969లో రిజిస్టరై 1970లో పని మొదలుపెట్టిన సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘాన్ని మేమంతా 'సెస్' అంటాం. వాటా కట్టి సభ్యుడైనవాడు కరెంటు కొనుక్కునేవాడే గాక సంఘానికి యజమాని కూడా. పాలకవర్గాన్ని ఓట్లు వేసి ఎన్నుకుంటాడు. సాలెల మగ్గాల ఊరు మరమగ్గాల ఊరుగా మారడంలో ఆ తీగెలకు భాగముంది.

మా ఊరు ఆ తాలూకాలోనిదే. నేను చిన్నతరగతులు చదివేనాడు స్తంభాలు పాతారు. అంతకు ముందు ఇంట్లో గ్యాసునూనె పోసిన ఎక్క, ఒక కందీలు ఉండేవి. పెట్రొమాక్స్ పెండ్లికో, భాగోతానికో కిరాయికి వచ్చేది. పొద్దుగూకే వేళ కందీలు చిమ్నీని బూడిదతో తోమడం పిల్లల పని, ఎందుకంటే గాజులోకి చిన్నచేతులే దూరుతాయి. కరెంటు వచ్చాక ఇంటికంతటికీ ఒక్క బల్బు. నడిమింటికీ వంటింటికీ మధ్య గోడకు రంధ్రం పొడిచి, రెండు వైపులకూ వెలుగు పడేలా దానిని అందులో వేలాడదీశారు. మా బాపమ్మ సాయంత్రం స్విచ్చి వేయగానే బల్బుకు దండం పెట్టేది. గూట్లో ఎక్కకు ఎలా పెట్టేదో అలాగే.

ఆమెకు మాట దగ్గర మాత్రం చిక్కు వచ్చింది. దీపం ఆరింది అనడం అశుభం. 'కొండెక్కింది' అనాలి, 'ఘనమైంది' అనాలి. మరి బల్బును? బల్బు కొండెక్కదు గదా! చివరికి ఆమె 'బంద్ చెయ్యి' అనడం నేర్చుకున్నది. ఫారసీ మాటకు శకునదోషం లేదని కాబోలు. 'దీపం పెట్టే యాళ్ల' మాత్రం ఇప్పటికీ మా ఊళ్లో గడియారం కన్నా గట్టిగా నిలిచి ఉంది, పెట్టే దీపం పోయినా.

ఇటువంటివి ఏ ప్రదర్శనశాలలోనూ నాకు కనబడలేదు. ఝూమర్లున్నాయి, దర్బారులున్నాయి. ఉండనీయండి, వాటి సొగసు కాదనను. గడీలు కూలుతున్నాయి, కొన్ని బడులయ్యాయి. కాని ఒక మామూలు ఇంటిని, మసిబారిన గూడుతో, ఆ పక్కనే గుండ్రని కర్రబిళ్ల మీద బిగించిన నల్ల స్విచ్చితో, గోడ రంధ్రంలోని ఒంటి బల్బుతో ఉన్నదున్నట్లు నిలబెట్టినవారు మా రెండు జిల్లాల్లో ఉన్నట్లు నేను వినలేదు. పాత మట్టిగోడల ఇళ్లు ఏటా వానకాలంలో కొన్ని పోతున్నాయి. నిలిచినవాటిని కూడా పిల్లలు పడగొట్టి స్లాబు వేసుకుంటున్నారు, వారి అవసరం వారిది.

సిరిసిల్ల, వేములవాడ వైపు మిత్రులకొక మనవి. మీ ఇంటి పాత ట్రంకుపెట్టెల్లో సెస్ వాటా కట్టిన రశీదో, మొదటి మీటరు కార్డో, పింగాణీ ఫ్యూజో దొరికితే పారవేయకండి. ఇల్లు పడగొట్టే ముందు ఆ గూడును, దాని పక్కనున్న స్విచ్చినీ కలిపి ఒక ఫొటో తీసి, వెనుక ఊరి పేరూ, కరెంటు వచ్చిన సంవత్సరమూ రాసి ఉంచండి. సంవత్సరం ఎవరికీ జ్ఞాపకం లేకపోతే ఆ ఏడు ఇంట్లో ఎవరి పెండ్లి అయిందో అడగండి, పెద్దవాళ్లు లెక్క కట్టి చెబుతారు.