అకాడమీల నుండి సమన్వయం దిశగా: తెలుగునాట కళాకారుల సహాయవ్యవస్థ – చారిత్రక పరిశీలన

సంస్థానాలు, జమీందారీలు అంతరించిన తరువాత కళాపోషణ బాధ్యత ప్రధానంగా ప్రభుత్వంపై పడింది. ఆ బాధ్యతను ఏ స్థాయిలో, ఏ సంస్థ ద్వారా నిర్వహించాలన్న ప్రశ్నకు తెలుగునాట వేర్వేరు కాలాలలో వేర్వేరు సమాధానాలు వచ్చాయి. వాటిని ఒక నాటక సమాజపు అనుభవంతో పోల్చి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

కేంద్రంలో సంగీత నాటక అకాడమీ 1953లో, సాహిత్య అకాడమీ, లలితకళా అకాడమీ 1954లో ఏర్పడ్డాయి. అదే నమూనాలో ఆంధ్రప్రదేశ్‌లోనూ రాష్ట్ర అకాడమీలు వెలిశాయి. 1983లో రాష్ట్ర ప్రభుత్వం వాటిని రద్దు చేసింది. 1985 డిసెంబరు 2న అవతరించిన తెలుగు విశ్వవిద్యాలయంలో వాటి బాధ్యతలు విలీనమయ్యాయి. బోధన, పరిశోధన, ప్రచురణ ఒకే గొడుగు కిందికి రావడం దీనివల్ల కలిగిన మేలు. అయితే విశ్వవిద్యాలయానికి విద్యార్థి కేంద్రం. అకాడమీకి కళాకారుడు కేంద్రం. విలీనంతో సంస్థలు ఒక్కటైనా, ఈ రెండు ప్రయోజనాలు ఒక్కటి కాలేదు.

1985–86లో కేంద్ర ప్రభుత్వం ఏడు ప్రాంతీయ సాంస్కృతిక కేంద్రాలను నెలకొల్పింది. భాషా సరిహద్దులకు అతీతంగా కళాబృందాల రాకపోకలను పెంచడం వాటి ఆశయం. ఆంధ్రప్రదేశ్ తంజావూరు, నాగపూరు కేంద్రాలు రెండింటిలోనూ సభ్యరాష్ట్రమైంది. తెలుగు కళాకారునికి ఇది రెండు ద్వారాలు తెరిచింది; కాని ఆ రెండు కేంద్రాలూ తెలుగు నేలకు వెలుపలే ఉన్నాయి.

ఈ వ్యవస్థల అవసరం ఎంతటిదో సురభి చరిత్ర తెలుపుతుంది. 1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో కీచకవధ ప్రదర్శనతో మొదలైన ఈ కుటుంబ నాటకరంగం, పిదప శేరిలింగంపల్లిలో స్థిరపడింది. 1990లలో బి.వి.కారంత్ ఈ కుటుంబాలతో కలిసి కొత్త నాటకాలు రూపొందించారు. దర్శకుడు, ఆర్థిక సహాయం, శిక్షణ, రంగస్థలం ఒకేచోట సమకూరినప్పుడు సంప్రదాయ సమాజం సైతం నవ్యతను స్వీకరించగలదని ఇది నిరూపించింది. శేరిలింగంపల్లి ఉన్న రంగారెడ్డి జిల్లాలోనే, శంషాబాదులో, 2008 మార్చిలో అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైంది. విదేశీ వేదికకు దారి దగ్గరైంది. కాని తెరలు, కట్లు, తెరవెనుక యంత్రసామగ్రి తరలించవలసిన బృందానికి విమానాశ్రయం చేరువలో ఉండటం మాత్రమే చాలదు. ప్రయాణపత్రాలు, సరకు రవాణా, ఒప్పందాలు చూసే యంత్రాంగమూ కావాలి.

తెలంగాణ ఏర్పడిన తరువాత సాంస్కృతిక సారథి ద్వారా సుమారు 550 మంది కళాకారులకు ప్రభుత్వోద్యోగం లభించింది. 2017లో సాహిత్య, సంగీత నాటక అకాడమీలకు అధ్యక్షులు నియమితులయ్యారు. మొదటిది జీతానికి భరోసా ఇచ్చినా, ప్రభుత్వ పథకాల ప్రచారమే కళాకారుని ప్రధాన విధి అయింది. రెండవది గుర్తింపునిచ్చే మార్గం. ఈ రెంటి నడుమ, స్వతంత్రంగా జీవించే బృందం నిత్యావసరాలకు తగిన స్థానం ఇంకా ఏర్పడవలసి ఉంది.

ఈ పరిశీలన వలన తేలేది ఇది: సంస్థలను కలపడం సమన్వయం కాదు. పురస్కారం, శిక్షణ, ఉపాధి, ప్రయాణం వేర్వేరు కార్యాలయాల పరిధిలో ఉండవచ్చు. కళాకారుడు మాత్రం ఒక్క గుమ్మం తొక్కితే చాలు, ఆ సేవలన్నీ అందాలి. ఆ గుమ్మం జిల్లాస్థాయిలో ఉన్నప్పుడే కళాపోషణ ఒకనాటి దానంగా కాక నిరంతర వ్యవస్థగా నిలుస్తుంది.