నలుగురు గుమాస్తాల నుండి గ్రామ సర్వేయరు వరకు: రాయలసీమలో భూలేఖకుల వృత్తిశిక్షణ

ఉపోద్ఘాతం

సాంకేతిక రచన అనగానే నేడు యంత్రాల వాడుక పుస్తకాలు, సాఫ్ట్‌వేర్ పత్రాలు స్ఫురిస్తాయి. ఒక నిర్దిష్టమైన పనికి ఆధారంగా నిలుస్తూ, ఒకే అర్థాన్ని ఇవ్వవలసిన రచనగా దాన్ని నిర్వచిస్తే, తెలుగునేలపై దాని చరిత్ర చాలా పాతది. గ్రామ కరణం రాసిన భూమిలెక్క ఈ నిర్వచనానికి సరిపోతుంది. అందులో ఒక అంకె మారితే రైతు చెల్లించే శిస్తు మారుతుంది. ఒక హద్దు తప్పితే తరాల తగాదా మొదలవుతుంది. ఇంతటి బాధ్యత గల రాతను ఆ లేఖకులు ఎవరి వద్ద, ఏ విధంగా నేర్చుకున్నారన్నది ఈ వ్యాసం పరిశీలించే అంశం. కడప, కర్నూలు ప్రాంతాలు దీనికి క్షేత్రం. శిక్షణ కాలక్రమంలో కొలతను, లెక్కల నమూనాను తీర్చిదిద్దినా, ఆ రాతను చదువుకోవలసిన రైతును దృష్టిలో ఉంచుకోలేదన్నది ఇందులోని ప్రతిపాదన.

ఇంటి విద్యగా లేఖనం

కరణీకం వంశపారంపర్య వృత్తి. గ్రామ చరిత్ర, మాన్యాలు, ఎల్లలు, పన్నుల వివరాలు కవిలెకట్టల్లో, దండకవిలెల్లో భద్రపడేవి. కొడుకు తండ్రి పక్కన కూర్చుని ఈ విద్యను అలవరచుకునేవాడు. 19వ శతాబ్ది తొలి దశకాల్లో కాలిన్ మెకంజీ సహాయకులు దత్తమండలాల్లో సేకరించిన కైఫియత్తులకు ఈ కవిలెలే ముఖ్యాధారం. అయితే ఇంటి విద్యకు ఒక పరిమితి ఉంది. లేఖకుడి పనిని సరిచూడగల మరొక లేఖకుడు ఆ గ్రామంలో సాధారణంగా ఉండడు.

మన్రో సర్వే: తొలి సామూహిక శిక్షణ

1800లో నిజాం కంపెనీకి అప్పగించిన దత్తమండలాలకు థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 వరకు పనిచేశాడు. 1802లో క్షేత్ర సర్వే మొదలైనప్పుడు భూమి కొలవడం తెలిసిన గుమాస్తాలు నలుగురే దొరికారు. వారు ఇతరులకు నేర్పగా, ఆ సంఖ్య క్రమంగా నూరుకు చేరింది. సర్వేయర్లను జట్లుగా విభజించి, ఒక్కొక్క జట్టుపై ఒక పెద్ద సర్వేయరును నియమించారు. కొలతకు 33 అడుగుల గొలుసును ప్రమాణంగా తీసుకున్నారు. ఆ గొలుసు చదరం ఒక కుంట. 40 కుంటలు ఒక ఎకరం.

ఈ ఏర్పాటులో మూడు కొత్త అంశాలు గమనించదగినవి. విద్య కుటుంబం దాటి బయటి వారికి అందింది. ఊరూరికీ మారే కొలతల స్థానంలో ఒకే కొలత వచ్చింది. ఒకరి పనిని మరొకరు తనిఖీ చేసే పద్ధతి ఏర్పడింది.

కర్నూలు, కల్లూరు: ఆలస్యమైన మార్పు

హంద్రీనది ఆవల కర్నూలు నగరాన్ని ఆనుకొని ఉన్న కల్లూరు ప్రాంతానికి ఈ మార్పు అదే కాలంలో చేరలేదు. కర్నూలు అప్పటికి నవాబుల ఏలుబడిలో ఉంది. 1839లో గులాం రసూల్ ఖాన్‌ను పదవీచ్యుతుని చేసిన తరువాతే అది కంపెనీ పాలనలోకి వచ్చింది. 1858లో జిల్లాగా ఏర్పడింది. కనుక కడప వైపు గ్రామాల్లో కుంటల కొలత స్థిరపడుతున్న కాలంలో కర్నూలు సంస్థాన గ్రామాలు మన్రో సర్వేకు వెలుపలే ఉన్నాయి. ఒకే మెట్టనేల, ఒకే భాష ఉన్న ప్రాంతంలో లేఖకుల శిక్షణ రాజకీయ సరిహద్దును బట్టి వేరైంది.

జమాబందీ: ఏటేటా జరిగే సమీక్ష

తరువాతి కాలంలో ఫసలీ సంవత్సరానికి ఒకసారి జరిగే జమాబందీ కరణాలకు పరీక్షగా మారింది. తాలూకాలోని కరణాలు అడంగలు, చిట్టా మొదలైన లెక్కలను పట్టుకొని అధికారి ఎదుట హాజరయ్యేవారు. తప్పులు పదుగురిలో బయటపడేవి. పక్క ఊరి కరణం లెక్క చూసి నేర్చుకునే అవకాశమూ కలిగేది. ఆధునిక వృత్తి సదస్సుల్లో జరిగే అనుభవ వినిమయానికి ఇది దగ్గరి పూర్వరూపం. భేదమేమంటే, ఇక్కడ శ్రోత సహవృత్తిదారు కాదు, పై అధికారి. అందువల్ల రాత అధికారిని తృప్తిపరచే దిశగానే సాగింది.

పదజాలం, పాఠకుడు

ఫసలీ, జమాబందీ, ఇనాము వంటి పారశీక, అరబ్బీ మూలపదాలు ఈ లెక్కల భాషలో అడుగడుగునా కనిపిస్తాయి. 1820లో కడపకు వచ్చి తెలుగు నేర్చిన సి.పి.బ్రౌన్ ఈ సమస్యను గుర్తించి, 1854లో మిశ్రభాషా నిఘంటువును ప్రకటించాడు. కచేరీ వాడుకపదాలకు అర్థాలు ఒకచోట చేరాయి. కానీ అది ఆంగ్లంలో వివరించే నిఘంటువు, లబ్ధిదారు అధికారే. నరహరి గోపాలకృష్ణమశెట్టి 1886లో కర్నూలు జిల్లా మాన్యువల్‌ను రచించాడు. రచయిత దేశీయుడైనా గ్రంథభాష ఆంగ్లమే.

వారసత్వం ముగిసిన వేళ

1895 నాటి మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం వారసత్వాన్ని నిలిపి ఉంచుతూనే అర్హతలను విధించింది. ఆ చట్టంలోని వారసత్వ నియమం సమానావకాశ హక్కుకు విరుద్ధమని సుప్రీంకోర్టు గాజుల దశరథరామారావు కేసులో తీర్పునిచ్చింది. 1984 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా పార్ట్‌టైం గ్రామోద్యోగాలను రద్దుచేసింది. వృత్తి అన్ని కులాలకూ తెరుచుకోవడం న్యాయమైన మార్పు. అయితే కవిలెలు చదవడం, పాత హద్దుల పేర్లు గుర్తించడం వంటి ఇంటి విద్యను కొత్తవారికి బదిలీ చేసే ఏర్పాటు దానితోపాటు రాలేదు. 2019లో ఏర్పడిన గ్రామ సచివాలయ వ్యవస్థలో గ్రామ సర్వేయరుకు స్థానం లభించింది. నేడు కల్లూరులో అడంగలు తెరపై కనిపిస్తుంది. అందులోని పదాలు మాత్రం చాలావరకు జమాబందీ కాలానివే.

ముగింపు

నలుగురు గుమాస్తాలు నేర్పిన విద్య కొలతలో ఏకరూపతను, తనిఖీని తెచ్చింది. జమాబందీ క్రమశిక్షణను నిలిపింది. ఈ రెంటిలోనూ రైతు ప్రశ్నించే పాఠకుడిగా ప్రవేశించలేదు. తన పొలం గురించిన పత్రాన్ని మరొకరితో చదివించుకోవలసిన స్థితి కొనసాగినంత కాలం కొలత ఎంత కచ్చితమైనా ఆ రచన ప్రయోజనం అసంపూర్ణమే. భూలేఖకుల శిక్షణలో గొలుసు, యంత్రం, నమూనాలతోపాటు సుబోధమైన తెలుగు కూడా ఒక పాఠ్యాంశం కావలసి ఉందని ఈ చరిత్ర సూచిస్తోంది.