చౌడు నేలకు సేంద్రియ ఎరువులు, సూక్ష్మజీవులు: బెంటన్‌విల్ నుంచి బాపట్ల వరకు

అమెరికాలోని అర్కన్సా రాష్ట్రంలో ఉన్న బెంటన్‌విల్ చుట్టుపక్కల చౌడు నేల లేదు. ఓజార్క్ కొండల వాలు, పగుళ్లున్న సున్నపురాయి, ఏటా 1,100 మి.మీ. దాటే వాన కలిసి నేలలోని ఉప్పును ఎప్పటికప్పుడు కడిగేస్తాయి. అయినా చౌడు గురించి మాట్లాడేటప్పుడు ఈ ఊరిని తలచుకోవలసిందే. ఈ ఊరున్న బెంటన్ కౌంటీ బ్రాయిలర్ కోళ్లకు పేరుమోసిన ప్రాంతం. ఇక్కడి షెడ్లలో పోగయ్యే ఎరువును దశాబ్దాలపాటు పక్కనే ఉన్న పచ్చికబయళ్లలో చల్లడంతో భాస్వరం పేరుకుని వాగుల్లోకి చేరింది. అర్కన్సా రాష్ట్రం 2003లో ఈ ప్రాంతాన్ని పోషకాలు మితిమీరిన ప్రాంతంగా ప్రకటించి, ఎరువు వాడకానికి ప్రణాళిక తప్పనిసరి చేసింది. 2005లో పొరుగు రాష్ట్రం ఓక్లహోమా కోళ్ల కంపెనీలపై కోర్టుకెక్కింది.

ఇక్కడ భారంగా మారిన ఆ ఎరువే తూర్పు అర్కన్సా వరి రైతుకు అక్కరకొచ్చింది. చదును చేయడంలో పైమట్టి కోల్పోయిన మడుల్లో రసాయన ఎరువులతో కోలుకోని దిగుబడి కోళ్ల ఎరువుతో కోలుకున్నట్టు అర్కన్సా విశ్వవిద్యాలయ పరిశోధనలు చూపాయి. అంటే ఆ ఎరువు చేసిన మేలు నత్రజని, భాస్వరం, పొటాష్‌లతోనే ఆగలేదు. అయితే కోళ్ల ఎరువులో సోడియం, క్లోరైడ్, పొటాషియం లవణాలు కూడా ఉంటాయి. బోరు నీటిలోనే క్లోరైడ్ ఎక్కువగా ఉండి సోయాబీన్ ఆకులు మాడే పొలాలు తూర్పు అర్కన్సాలో ఉన్నాయి. అలాంటి పొలంలో లెక్క చూసుకోకుండా ఈ ఎరువు వేస్తే ఉన్న ఉప్పుకు మరింత ఉప్పు చేర్చినట్టే. సేంద్రియం కనుక హాని చేయదనే నమ్మకం చౌడు నేల దగ్గర చెల్లదు.

బెంటన్‌విల్‌లో కొలువు చేసుకుంటూ ఊళ్లో పొలం నిలబెట్టుకున్న తెలుగువారికి ఇది పరాయి సమస్య కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చౌడు నేలలు సుమారు 2.74 లక్షల హెక్టార్లని అంచనా. అందులో 1.97 లక్షల హెక్టార్లు సోడియం పేరుకున్న కారు చౌడు, మిగిలినది తెల్లటి ఉప్పు పొర కట్టే పాల చౌడు. మన రైతులు ఈ రెంటినీ వేరుగా గుర్తించడం శాస్త్రపరంగా ఎంతో విలువైనది, ఎందుకంటే రెంటికీ వైద్యం వేరు. పాల చౌడులో కరిగే లవణాలను మంచినీటితో కిందికి దించి, మురుగు కాలువ ద్వారా పొలం దాటించాలి. కారు చౌడులో మట్టి రేణువులను పట్టుకున్న సోడియాన్ని ముందు కాల్షియంతో తొలగించాలి. జిప్సం వేసేది అందుకే.

జీలుగ పచ్చిరొట్ట ఇక్కడ ఎంతో పనికొస్తుంది. పూతకు ముందు కలియదున్ని నీరు నిలిపితే అది కుళ్లుతూ కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. నీటిలో కలిసిన ఆ వాయువు కార్బోనిక్ ఆమ్లంగా మారి, నేలలో అప్పటికే ఉన్న సున్నాన్ని కరిగిస్తుంది. అలా విడుదలైన కాల్షియం సోడియం స్థానంలోకి చేరుతుంది. నేలలో సున్నమే లేకపోతే ఈ లాభం అందదు. అప్పుడు జిప్సం తప్పదు. ఇక జిప్సం వేసినా, జీలుగ దున్నినా, విడిపోయిన సోడియానికి బయటికి దారి లేకపోతే ఎండాకాలంలో అదే పైకి వస్తుంది. అప్పటి ప్రకాశం జిల్లాలోని కొణంకి, ఉప్పుగుండూరులలో ఇండో-డచ్ సహకారంతో భూగర్భ మురుగు గొట్టాల ప్రయోగాలు చేపట్టింది ఈ కారణంగానే. చౌడు నేలల అఖిల భారత సమన్వయ పథకానికి బాపట్లలో కేంద్రం ఉండటమూ యాదృచ్ఛికం కాదు. సముద్రపు ఆటుపోట్లు, బంకమట్టి, లోతు లేని ఉప్పు భూగర్భజలం అన్నీ అక్కడే కలుస్తాయి.

సూక్ష్మజీవుల వంతు ఆ తరువాత వస్తుంది. వరి తట్టుకునే హద్దు విద్యుత్ వాహకత లెక్కన మీటరుకు 3 డెసిసైమెన్లు. అది దాటాక పెరిగే ప్రతి యూనిట్‌కూ దిగుబడి సుమారు 12 శాతం తగ్గుతుందని మాస్, హాఫ్‌మన్ 1977లో లెక్క కట్టారు. ఉప్పు ఒత్తిడిలో మొక్క ఇథిలీన్‌ను అతిగా తయారుచేసుకుని తన వేళ్లనే కుంగదీసుకుంటుంది. ఆ ఇథిలీన్‌కు ముడిసరుకైన ఏసీసీ అనే పదార్థాన్ని కొన్ని బ్యాక్టీరియాలు తినేస్తాయి. కెనడా శాస్త్రవేత్త బెర్నార్డ్ గ్లిక్ బృందం 1998లో ఈ నమూనాను ప్రతిపాదించింది. ఇజ్రాయెల్ ఎడారి వాగు మట్టి నుంచి తీసిన అటువంటి బ్యాక్టీరియా ఉప్పు నీటిలో టమాటా నారును బాగా పెంచిందని 2004లో చూపింది. మరికొన్ని బ్యాక్టీరియాలు వదిలే జిగురు మట్టి రేణువులను గడ్డకట్టించి, కొంత సోడియాన్ని వేరు దగ్గరే ఆపుతుంది. మైకోరైజా శిలీంధ్రాలు మొక్కలో సోడియంతో పోలిస్తే పొటాషియం పాలు పెంచుతాయి. ఇవేవీ నేలలోంచి ఉప్పును తీయవు, మొక్కకు ఓర్పునిస్తాయి. అందుకే జీవన ఎరువును మురుగు కాలువకు బదులుగా చెప్పడం రైతుకు అన్యాయం చేయడమే.

ప్రయోగాల పద్ధతిలోనూ ఒక లోటు సరిదిద్దాలి. కంపోస్టులో కలిపిన బ్యాక్టీరియాను ఏమీ వేయని మడితో పోల్చితే ఫలితం కంపోస్టుదో బ్యాక్టీరియాదో తేలదు. ఒట్టి కంపోస్టు వేసిన మడి ఒకటి, వేడితో చంపిన బ్యాక్టీరియాను అదే కంపోస్టుతో వేసిన మడి ఒకటి పక్కనే ఉండాలి. పంటకు ముందు, పూత దశలో, కోత తరువాత వేరు లోతు మట్టిలో వాహకతనూ సోడియం శాతాన్నీ కొలవాలి. వేసిన కోళ్ల ఎరువు మోసుకొచ్చిన ఉప్పును కూడా ఆ లెక్కలో రాయాలి.