రాయదుర్గం మూడు పేర్లు

మా కాలనీ సంఘం ప్రత్యేక సంచికలో మళ్లీ అదే పాట. 1998కి ముందు హైదరాబాద్‌లోని మా రాయదుర్గంలో రాళ్లూ తుప్పలే ఉండేవట. కమ్యూనిజం, మార్క్స్ నల్లగొండ, వరంగల్ వాళ్ల సంగతట. సైబర్ టవర్స్‌ను ఆ ఏడే వాజ్‌పేయి ప్రారంభించారన్నది నిజం. మిగతాది నేనొప్పుకోను.

రాళ్లుండేవి, కాదనను. ఆ రాళ్లకూ హక్కుదార్లుండేవాళ్లు. రెవెన్యూ రికార్డు తిరగేస్తే మా రాయదుర్గం ఒకటి కాదు, మూడు: పైగా, పన్మక్తా, నౌఖాల్సా. ఇప్పుడు అందరికీ తెలిసింది పన్మక్తా సర్వే నంబరు 83 ఒక్కటే, అదీ అక్కడ లేచిన అద్దాల మేడల పుణ్యాన. కొత్తగా వచ్చినవాళ్లు అదేదో పాన్‌డబ్బా పేరనుకుంటారు. మక్తా అంటే ఇంతని ఖరారు చేసిన శిస్తుకు భూమిని ఒకరికి అప్పగించడం. పైగా అంటే నిజాం కోసం సైన్యాన్ని పోషించే అమీర్ల జాగీరు. ఖాల్సా అంటే శిస్తు నేరుగా సర్కారుకు పోయే భూమి. ఫారసీలో 'నౌ' అంటే కొత్త. ఒక్క ఊరిపేరుకు మూడు వసూళ్లు. దున్నినవాడి ఊసు మూడింట్లోనూ లేదు.

1949 ఆగస్టులో జాగీర్దారీ రద్దయింది, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. 1946 నుంచి కమ్యూనిస్టుల నాయకత్వాన సాగిన తెలంగాణ సాయుధ పోరాటం సెగ తగలకపోతే అవి అంత తొందరగా వచ్చేవా? ఆ చట్టాలు మా చేలకూ వర్తించాయి కదా, మరి ఆ చరిత్రలో మాకు వాటా ఎందుకు లేదంటారు?

ఎర్రజెండా చరిత్రకారుల మీదా నాకు కినుకే. ఆ పోరాటం మీద సుందరయ్యగారి పెద్ద పుస్తకం జిల్లాల చుట్టూ తిరుగుతుంది. నగరమనగానే అందరూ కమ్యూనిస్టు కవి మఖ్దూం పేరెత్తి ఊరుకుంటారు. మా వైపు మార్క్స్ లేడంటే, మార్క్సిస్టు రచయిత్రి రంగనాయకమ్మ పుస్తకం తిరగేసి ప్రచురణ చిరునామా చూడండి: మాదాపూర్, దుర్గం చెరువు దగ్గర. మార్క్స్ 'కాపిటల్'కు ఆమె రాసిన పరిచయం మొదటి సంపుటం 1978 నాటిది, ఆ ఘనత మా చెరువుది కాదు. అయితే తర్వాతి ముద్రణలు ఈ గట్టు పేరుతోనే ఊళ్లు తిరిగాయి. ఆమె రచనల్ని ఇంగ్లీషు చేసిన బి.ఆర్. బాపూజీ గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలోనే పాఠాలు చెప్పారు.

మా పక్కింటి కుర్రాడు, నైట్ షిఫ్టువాడు, మార్క్స్‌ని ఎక్కడ మొదలుపెట్టాలని అడిగాడు. అందరూ 1848 నాటి మానిఫెస్టో చేతిలో పెడతారు, చిన్న పుస్తకం గనక. నేను ముందు రంగనాయకమ్మ 'పిల్లల కోసం ఆర్థిక శాస్త్రం' ఇచ్చాను. వాడికొచ్చే జీతానికీ, వాడి పేరున క్లయింటు దగ్గర వసూలయ్యే బిల్లింగుకూ మధ్య తేడాలో ఆఫీసు ఖర్చులు తీసేశాక మిగిలేదాని పేరు తెలిస్తే సగం పాఠం అయినట్టే. అది అదనపు విలువ. మార్క్స్ చెప్పిన నిరుద్యోగ సైన్యమంటే ప్రాజెక్టు లేక బెంచి మీదున్నవాళ్లా అన్నాడు. కాదురా, వాళ్లకు జీతమొస్తుంది, అమీర్‌పేట కోచింగు గదులు చూడు అన్నాను. 'కాపిటల్' మొదటి సంపుటం చివర ఇంగ్లండు రైతుల ఉమ్మడి భూములకు కంచెలెలా పడ్డాయో ఉంటుంది. అది మాత్రం మా ఊరి భూముల పాత పహాణీ పక్కన పెట్టుకుని చదవమన్నాను.

సంచికకు సవరణ రాసిచ్చాను. వేస్తామన్నారు. నౌఖాల్సాలో ఖా ఒత్తు చూసి వేయండయ్యా అని రెండుసార్లు చెప్పొచ్చాను. పోయినసారి నౌకల్సా అని అచ్చేశారు, చదివినవాళ్లు దుర్గం చెరువులో పడవలెప్పుడు తిరిగాయని అడిగారు.