లూట్ చెప్పని నిడివి

జాన్ డౌలండ్ ‘లాక్రిమే’ మొదట లూట్ మీద ఒక్కరే వాయించే పవాన్. నెమ్మదిగా నడిచే నాట్యసంగీతం. 1600లో ఆయనే దాన్ని పాటగా అచ్చువేశాడు. 1604లో ఐదు వయోల్‌లకీ ఒక లూట్‌కీ కూర్చాడు. అందుకే ఎవరైనా దాన్ని ఫ్లూట్, లూట్ జంటకి మారుస్తుంటే ‘మూలానికి అపచారం’ అనేవాళ్ళతో నాకు పేచీ. అసలు చిక్కు వేరేచోట ఉంది.

ఆనాటి లూట్ సంగీతాన్ని టాబ్లెచర్‌లో రాసేవారు. గీతలు తీగలకి గుర్తులు. ఇంగ్లండ్ పద్ధతిలో గీత మీద ‘ఎ’ అంటే వేలు పెట్టని తీగ, ‘బి’ అంటే మొదటి మెట్టు. పైనున్న లయగుర్తు తర్వాతి మీటు ఎప్పుడో చెబుతుంది. మీటిన స్వరం ఎంతసేపు నిలవాలో చెప్పదు. లూట్ నాదం ఎలాగూ కాసేపటికి కరిగిపోతుంది, మిగతాది మన చెవే పూరించుకుంటుంది.

ఫ్లూట్‌కి ఆ వెసులుబాటు లేదు. ఊపిరి ఎక్కడిదాకా పట్టాలో ఎవరో తేల్చాలి. అందుకు ఆ అక్షరాల కుప్పలోంచి పై గొంతునీ మధ్య గొంతునీ విడదీయాలి. లాక్రిమేకైతే పాట వరస ఆసరాగా ఉంది: అంచెలంచెలుగా కిందికి దిగే ఆ మొదటి నాలుగు స్వరాలు ఎంతెంత సాగాలో అందులో అచ్చయివుంది. ఫ్రాంచెస్కో ద మిలానో రిచెర్‌కార్‌లకి అలాంటి పాట లేదు. అక్కడ కూర్పరి చెవే ప్రమాణం.

పై వరసంతా ఫ్లూట్‌కిచ్చేసి లూట్‌ని శ్రుతిపెట్టెలా మిగల్చడం మాత్రం నాకు నచ్చదు. లాక్రిమే మూడు భాగాలూ రెండోసారి అలంకారాలతో తిరిగొస్తాయి. ఆ పరుగులు లూట్‌కే వదిలేసి, ఫ్లూట్ సాదా వరసని పలచగా నిలిపితే చాలు.