రొరారియో గ్రంథము

పోపుగారి రాయబారిగా మెలగిన ఇటలీ దేశీయుడు గిరోలమో రొరారియో (1485–1556), మానవునికంటె మృగములే బుద్ధిని మేలుగా వినియోగించునని లాటిను భాషలో నొక చిన్న గ్రంథము రచించెను. ఒక పండితుడు ఐదవ చార్లెసు చక్రవర్తిని పూర్వ చక్రవర్తులకంటె తీసికట్టుగా నెంచుట విని, ఆ యాగ్రహమున దీనికి పూనుకొనెనట.

ఇంచుమించు నూరేండ్లు వ్రాతప్రతిగానే యుండి, 1648లో గబ్రియేల్ నోదే పూనికచే పారిస్ నగరమున నిది అచ్చుపడినది. అప్పటికే, 1637లో, మృగములు ఆత్మలేని యంత్రములని దెకార్తు వాదించియుండెను. యంత్రమునకు నొప్పి యెక్కడిది? బ్రదికియున్న జంతువును కోసినను దోషము లేదని ఆయన యనుయాయులు కొందరు తలచిరి. కనుక నిది కేవల తర్కము కాదు. మూగజీవుల ప్రాణముల మాట.

1697లో వెలువడిన తన నిఘంటువునందు పియేర్ బేల్ ఈ వివాదమును రొరారియో పేరి క్రిందనే చర్చించెను. లైబ్నిట్జు దానికి సమాధానము వ్రాసెను. మనుష్యులపై కినుకతో పుట్టిన పుస్తకము ఇట్లు పశువుల పక్షమున సాక్ష్యమై నిలిచినది.